పర్లాకిమిడి నుంచి ఫోషాన్‌కు కాపురం: కాగితాలు, ఆఫీసు మాట, తిండి ఎలా?

పర్లాకిమిడి_కోడలు

నమస్కారం అండీ. మావారికి చైనాలో గ్వాంగ్‌డోంగ్ ప్రావిన్సు ఫోషాన్‌లో, అల్యూమినియం ఎక్స్‌ట్రూషన్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజినీరు పని ఖాయమైంది. రెండేళ్ల కాంట్రాక్టు. నేనూ వెంట వెళ్తున్నాను. ఇద్దరి పాస్‌పోర్టులూ పర్లాకిమిడి అడ్రసువే. నేను పూర్తి శాకాహారిని, ఆయన గుడ్డు తింటారు.

కాగితాల పని ఏ వరుసలో చేసుకోవాలి? దిగిన మొదటి నెలలో ఏవి మరిచిపోకూడదు? అక్కడివాళ్లతో ఆఫీసులోనూ భోజనాల దగ్గరా ఎలా మసలుకోవాలి? ఇంటర్నెట్‌లో చదివితే సగం పాతబడిన సంగతులు, మిగతా సగం అమెరికా వాళ్ల కోసం రాసినవి. మన ఒడిశా తెలుగువాళ్లకు పనికొచ్చేలా, తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరా?

మహేంద్రతనయ_ఒడ్డు

అమ్మా, అన్నిటికంటే ముందు పేర్ల సంగతి చూసుకోండి. మనవాళ్ల కాగితాలు ఆగిపోయేది ఎక్కువగా ఇంటిపేరు దగ్గరే. డిగ్రీ మీద "కె. వెంకటరావు" అని పొడి అక్షరం ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. పెళ్లి సర్టిఫికెట్ ఒడియా నుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి 'వ' కాస్తా 'బ' అయి, వెంకట్ బెంకట్‌గా మారిపోతాడు. అక్కడి ఆఫీసరు కంటికి ఈ ముగ్గురూ వేరు వేరు మనుషులు. పాస్‌పోర్టులో ఉన్న పేరే అసలు పేరుగా పెట్టుకుని, తేడా ఉన్న ప్రతి కాగితానికీ "ఇద్దరూ ఒకరే" అని నోటరీ అఫిడవిట్ చేయించండి. దాన్ని కూడా మిగతా వాటితో కలిపి ధ్రువీకరణకు పంపండి. అటెస్టేషన్ అయ్యాక పేరు దిద్దుకుందాం అనుకుంటే మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

రెండోది అపోస్టిల్ చిక్కు. అపోస్టిల్ అంటే, ఒక అంతర్జాతీయ ఒప్పందంలో చేరిన దేశాల్లో కాగితం చెల్లేలా వేసే ఒకే ధ్రువీకరణ ముద్ర. చైనా ఆ ఒప్పందంలో చేరింది, 2023 నవంబరు 7 నుంచి అమలవుతోంది. అది చదివి అపోస్టిల్ స్టిక్కర్ వేయించుకుని ఊరుకునేవాళ్లు ఉన్నారు. మన దేశానికీ చైనాకూ మధ్య అది వర్తించదు. మీకు పాత దారే: రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాత మన విదేశాంగ శాఖ, ఆఖరున చైనా రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్. డిగ్రీ ఏ రాష్ట్రంలో పుచ్చుకుంటే మొదటి ముద్ర ఆ రాష్ట్రానిదే. పర్లాకిమిడి పిల్లలు చాలామంది శ్రీకాకుళం, విశాఖల్లో చదువుతారు కదా, అలాంటి డిగ్రీకి భువనేశ్వర్ వెళ్లి ప్రయోజనం లేదు. పెళ్లి సర్టిఫికెట్ ఒడిశాది అయితే అది మాత్రం భువనేశ్వరే.

ఒడిశా అడ్రసు పాస్‌పోర్టులు కోల్‌కతాలోని చైనా కాన్సులేట్ పరిధిలోకి వస్తాయి. ఆంధ్ర అడ్రసు వాళ్లు ఢిల్లీ కిందికి వస్తారు. అందుకే ఇచ్ఛాపురం చుట్టాలు చెప్పిన లెక్క మీకు పనికిరాదు. ఒకందుకు ఇది మేలే. బరంపురంలో రాత్రి బండి ఎక్కితే తెల్లారేసరికి హౌరా. కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు నేరు విమానం 2025 అక్టోబరు 26 నుంచి మళ్లీ మొదలైంది. ఫోషాన్ గ్వాంగ్‌జౌకు ఆనుకునే ఉంటుంది, రెండు ఊళ్లకూ మధ్య మెట్రో ఉంది.

వీసా మీవారికి జెడ్ (పనికి వెళ్లేవాళ్లది), మీకు ఎస్1 (వెంట వెళ్లే కుటుంబసభ్యులది). జెడ్ రావాలంటే ముందు కంపెనీ అక్కడ వర్క్ పర్మిట్ నోటిఫికేషన్ లెటర్ తీయాలి. దానికి ధ్రువీకరించిన డిగ్రీ, రెండేళ్ల అనుభవం కాగితం, పోలీసు క్లియరెన్స్ అడుగుతారు. "ముందు బిజినెస్ వీసా మీద వచ్చేయండి, ఇక్కడ మార్చేద్దాం" అని ఏజెంటు గానీ కంపెనీ మనిషి గానీ అంటే ఒప్పుకోవద్దు. పర్మిట్ లేని పని పట్టుబడితే 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా, విషయం ముదిరితే 5 నుంచి 15 రోజుల నిర్బంధం. పని పెట్టినవాళ్లకూ శిక్ష ఉంటుంది, కానీ దానివల్ల పనిచేసినవాడు తప్పించుకోలేడు.

దిగాక మూడు గడువులు. ఉండే చోటు పోలీసు దగ్గర నమోదుకు 24 గంటలు. వర్క్ పర్మిట్ దరఖాస్తుకు 15 రోజులు. వీసాను రెసిడెన్స్ పర్మిట్‌గా మార్చుకునే దరఖాస్తుకు 30 రోజులు, ఇది మీకూ వర్తిస్తుంది. ఈ మార్పిడికి పాస్‌పోర్టు తీసుకుని రసీదు ఇస్తారు, 15 పనిదినాల దాకా పట్టొచ్చు. ఆ రోజుల్లో దేశం దాటలేరు, కాబట్టి మొదటి నెలన్నరలో ఇంటి దగ్గర పెళ్లి ఉంది, శుభకార్యం ఉంది అని టికెట్టు తీసిపెట్టుకోకండి. గడువు దాటి ఉండిపోతే రోజుకు 500 యువాన్ల చొప్పున, గరిష్ఠంగా 10,000 దాకా పడుతుంది.

కాంట్రాక్టు చైనా భాషలోనూ ఇంగ్లీషులోనూ రెండు వరుసలుగా ఉంటుంది, గొడవ వస్తే నెగ్గేది చైనా పాఠమే. కాబట్టి జీతం, ఓవర్‌టైము, ఇంటి అద్దె, రాకపోకల టికెట్టు ఉన్న పేరాలు వేరేవాళ్లతో చదివించండి. రెండేళ్ల కాంట్రాక్టుకు ప్రొబేషను 2 నెలలు మించకూడదు. సంతకం చూసి మురిసిపోవద్దు, అక్కడ చెల్లేది ముద్ర. ఎర్రని గుండ్రటి ముద్ర, నడుమ ఐదు కోణాల నక్షత్రం, చుట్టూ కంపెనీ పూర్తి పేరు. మేనేజరు ఎన్ని సంతకాలు పెట్టినా ఆ ముద్ర లేని కాగితాన్ని బ్యాంకు గానీ పోలీసు స్టేషను గానీ పట్టించుకోదు.

రాయగడ_రైల్వేకాలనీ

మహేంద్రతనయ గారు చెప్పినదానికి ఒక చేర్పు. 24 గంటల నమోదు ఒక్కసారితో తీరిపోదు. హోటల్లో దిగితే హోటలువాళ్లే చేసేస్తారు, అది చూసి మనకు పని లేదనుకుంటాం. అద్దింట్లోకి మారిన రోజు నుంచి లెక్క మళ్లీ మొదలు. ఇద్దరి పాస్‌పోర్టులు, అద్దె అగ్రిమెంటు, ఇంటాయన ఆస్తి పత్రం నకలు పట్టుకుని ఆ పేట పోలీసు స్టేషనుకు వెళ్లాలి. దాన్ని 'ఫాయ్ ఛూ స్వో' అంటారు. రెసిడెన్స్ పర్మిట్ కొత్తగా వచ్చినప్పుడూ, పాస్‌పోర్టు మారినప్పుడూ మళ్లీ వెళ్లండి. మరిచిపోతే హెచ్చరికతో వదలొచ్చు, 2,000 యువాన్ల దాకా జరిమానా కూడా వేయొచ్చు. కొందరు ఇంటివాళ్లు విదేశీయులకు ఇల్లివ్వమంటే, కారణం చాలాసార్లు ఈ నమోదు తలనొప్పే. బేరం మొదట్లోనే "పోలీసు నమోదుకు కాగితం ఇస్తారా" అని అడిగేయండి. అద్దె గ్వాంగ్‌డోంగ్‌లో సాధారణంగా రెండు నెలల అడ్వాన్సు, ఒక నెలది ముందే కట్టడం. తాళం చేతికి రాగానే గోడలు, గీజరు, ఏసీ, మీటరు రీడింగు వీడియో తీసి ఆ రోజే ఇంటాయనకు పంపండి. అడ్వాన్సులో కోత పెట్టేది ఇల్లు ఖాళీ చేసే రోజున.

పర్లాకిమిడి_కోడలు

ఇద్దరికీ ధన్యవాదాలు. వెంకట్, బెంకట్ సంగతి మా సర్టిఫికెట్‌లో అక్షరాలా ఉంది, ఈ వారమే చూస్తాం. ఆఫీసు మాటల గురించి, తిండి గురించి కూడా ఎవరైనా చెప్పండి.

రుషికుల్య_నీరు

ఆఫీసు గురించి నేను రాస్తాను.

భాష దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే మనకు ఇందులో ఒక సౌకర్యం ఉంది, అది ఇంగ్లీషు పుస్తకాల్లో దొరకదు. చైనా మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిలో బి, డి, జి అని కనిపించేవి మన బ, డ, గ కావు. అవి ఒత్తు లేని ప, త, క. పి, టి, కె అని కనిపించేవి ఒత్తున్న ఫ, థ, ఖ, పెదవులతో ఊదే ఫ కాదు, ప కింద హ ఉన్న ఫ. పెయ్‌చింగ్ అంటే బీజింగే. జెడ్ అని రాసేది మనం 'చాప', 'చాలు' అనేటప్పుడు పళ్ల దగ్గర పలికే చ. హిందీవాళ్లు దీని కోసం తంటాలు పడతారు, మన నోట్లో అది పుట్టుకతోనే ఉంది. ఒడియా బడిలో చదివినవాళ్లకు ఒత్తులు కూడా తేడాగా పలకడం అలవాటు, కాబట్టి పని ఇంకా సులువు. మిగిలేది స్వరాలు. 'మాయ్' అని దించి లేపితే కొనడం, పైనుంచి కిందికి కొట్టినట్టు పలికితే అమ్మడం. స్పేర్ పార్టుల బేరంలో ఈ ఒక్క మాట తేడా పడినా కథ తలకిందులవుతుంది. మొదటి రెండు నెలలు పదాలు పోగేయకుండా నాలుగు స్వరాలు సాధన చేయమనండి.

పిలుపులు మన పద్ధతికి దగ్గర. పేరు పెట్టి పిలవరు, ఇంటిపేరుకు హోదా తగిలిస్తారు. మేనేజరు వాంగ్ అయితే 'వాంగ్ త్సోంగ్', ఇంజినీరు లీ అయితే 'లీ కోంగ్'. మెషిను మీద చెయ్యి తిరిగిన పనివాడు, డ్రైవరు, ప్లంబరు అందరూ 'షిఫూ', అంటే మన 'మేస్త్రీ' లాంటి గౌరవం. ఇల్లు తుడిచే ఆమె 'ఆయి', పిన్నిగారు అన్నమాట. మెయింటెనెన్స్‌లో ఉన్న మనిషికి షిఫూలే దిక్కు. వాళ్లను పేరుతో కేకేస్తే పైకి ఏమీ అనరు, బేరింగు మార్చే పని మాత్రం మీ వంతు వచ్చేసరికి ఆలస్యమవుతుంది.

తర్వాత తల. మనం "సరే" అనడానికి తల పక్కకు ఊపుతాం. వాళ్లకు అది "కాదు" లాగే కనిపిస్తుంది. తల ఊపకుండా 'హావ్' (మంచిది), 'త్వెయ్' (అవును) అని నోటితో అనడం అలవాటు చేసుకోవాలి. ఇది చిన్న విషయం కాదు. మెషిను స్టార్టు చేయనా అని అడిగినవాడికి తప్పు సంకేతం వెళ్తే చేతులు పోతాయి.

ఇక అసలైనది, "కుదరదు" అనకుండా కుదరదని చెప్పడం. మన దగ్గర "చూద్దాం లెండి" అంటే ఏమిటో మనకు తెలుసు కదా, అలాగే. 'పూ థాయ్ ఫాంగ్ పియెన్' అంటే మాటకు అర్థం "అంత వీలుగా లేదు", భావం "కాదు". 'యెన్‌చ్యూ యెన్‌చ్యూ' అంటే "పరిశీలిద్దాం", పైవాళ్లు ఈ మాటంటే ఆ ఫైలు కదలదనుకోండి. 'యింగ్‌కాయ్ ఖయి' అంటే "అయిపోవాలి మరి". కొత్తగా వెళ్లిన ఇంజినీర్లు మోసపోయేది దీని దగ్గరే. హైడ్రాలిక్ సీల్ మంగళవారానికి వస్తుందా అని అడిగితే యింగ్‌కాయ్ ఖయి అంటారు, మనం షట్‌డౌన్ మంగళవారానికి పెట్టుకుంటాం, సీల్ రాదు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. నలుగురి ముందు "రాదు" అంటే అడిగినవాడికీ చెప్పినవాడికీ ఇద్దరికీ తలవంపు, దాన్ని తప్పించారు. కాబట్టి అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్న వేయొద్దు. "సీల్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? పంపిన రసీదు నంబరు ఎంత? రాకపోతే రెండో చోటు ఏది?" అని అడగాలి. నంబరు వస్తే సరుకు వస్తున్నట్టు. మళ్లీ ఏదో మాట వస్తే రానట్టు. ఇది సమావేశంలో అడగొద్దు, విడిగా టీ తాగేటప్పుడో, వెయ్‌శిన్‌లోనో అడగండి.

వెయ్‌శిన్ అంటే మనం వీచాట్ అంటాం. ఆఫీసు మొత్తం అందులోనే నడుస్తుంది, ఈమెయిలు చూసుకునేదాకా ఎవరూ ఆగరు. గ్రూపులో పైఅధికారి ఏదైనా పెడితే ఒక్కొక్కరుగా 'షౌ తావ్' అని కొడతారు, "అందింది" అని అర్థం. నలభై మంది ఉంటే నలభై షౌ తావ్‌లు వరుసగా పడతాయి. చదివి ఊరుకుంటే చదవలేదని కాదు, లెక్కచేయలేదని అనుకుంటారు. మీవారిని నిమిషంలోపు ఆ రెండు అక్షరాలు కొట్టేయమనండి. నవ్వు ముఖం బొమ్మలో పెదవులు కొంచెం వంగి కళ్లు సూటిగా చూసే పసుపు బొమ్మ ఒకటి ఉంటుంది. పెద్దవాళ్లు మామూలుగానే వాడతారు. ముప్పై ఏళ్లలోపు వాళ్లకు మాత్రం అది వెటకారం, "నీతో ఇక మాట్లాడేది లేదు" అన్నట్టు. దాన్ని వదిలేయడమే నయం.

జీతమెంత, అద్దె ఎంత, పిల్లలెప్పుడు అని నేరుగా అడుగుతారు. గుణుపురం పాసింజర్లో ఎదుటి సీటు పెద్దమ్మ అడిగినట్టే, ఆప్యాయతే. "పర్వాలేదు, సరిపోతుంది" అంటే చాలు. "ఛి ల మా" అంటే "తిన్నారా" అని, మన "భోజనమయిందా"లాగే. తిన్నాం అని చెప్పి ముందుకు నడవాలి, వడ్డిస్తారేమోనని నిలబడకూడదు. రంగు గురించీ లావు గురించీ కూడా ముఖం మీదే అనేస్తారు. తెల్లబరిచే క్రీముల పిచ్చి అక్కడా ఉంది. బాధ కలిగితే కలిగిందని నెమ్మదిగా ఒకసారి చెప్పండి, తెలిశాక చాలామంది మానేస్తారు.

పన్నెండు కొట్టగానే భోజనం, తర్వాత ఒకటిన్నర దాకా లైట్లు ఆర్పి కునుకు. మడత మంచాలు బల్లల కింద నుంచి బయటికొస్తాయి. ఆ గంటలో ఫోను చేయడం మహా అమర్యాద.

సెలవుల లెక్క ముందే చూసుకోండి. 2025 నుంచి ప్రభుత్వ సెలవులు 11 రోజుల నుంచి 13 రోజులకు పెరిగాయి. వరుసగా ఎక్కువ రోజులు కలిసొచ్చేలా సెలవులు పేర్చి, బదులుగా ఒకటి రెండు శని ఆదివారాలు పని చేయిస్తారు. వసంత పండగ, అంటే చైనావాళ్ల కొత్త సంవత్సరం, 2027లో ఫిబ్రవరి 6న. దాని ముందూ వెనకా కలిపి 40 రోజులు ప్రయాణాల రద్దీ. మన గంజాం జిల్లా కుర్రాళ్లు సూరత్ మగ్గాల నుంచి పండక్కి ఇంటికొస్తారే, ఆ దృశ్యాన్ని దేశమంతా ఊహించుకోండి. దానికి మూలం 'హూఖౌ' అనే ఇంటి నమోదు పద్ధతి, 1958 నుంచి ఉంది. పని నగరంలో దొరుకుతుంది కానీ బడి, వైద్యం, పింఛను హక్కులు చాలావరకు పుట్టిన ఊరి నమోదుకు ముడిపడి ఉంటాయి. అందుకని పిల్లల్ని నాయనమ్మ, తాతల దగ్గర వదిలి వచ్చి ఏడాదికోసారి చూసుకునే తల్లిదండ్రులు ఫ్యాక్టరీ నిండా ఉంటారు. పండగ ముందు పదిహేను రోజులు వాళ్ల మనసు పని మీద ఉండదు, ఉండాలని కోరడం అన్యాయం. సరఫరాదారులు పండగకు ముందూ వెనకా కలిపి రెండు మూడు వారాలు మూసేస్తారు. సీళ్లు, బెల్టులు, సెన్సర్లు నెల ముందే తెప్పించి పెట్టుకోమనండి.

ఇంకొక్కటి, ఇది గజపతి జిల్లా వాళ్లకు ప్రత్యేకం. చంద్రగిరి దగ్గర జీరంగ్‌లోని టిబెటన్ బౌద్ధ విహారం మనకు ఆదివారం షికారు. ప్రతి ఫోనులో అక్కడి ఫొటోలు ఉంటాయి, కొన్నింట్లో దలైలామా పటం కూడా. చైనాలో అది భక్తి విషయం కింద పోదు, రాజకీయం కింద పోతుంది. వెళ్లే ముందు ఫోనులోంచి తీసేయండి, వెయ్‌శిన్‌లో పెట్టొద్దు. టిబెట్, తైవాన్, సరిహద్దు మాట ఎవరైనా ఎత్తితే "మాకు అంత తెలియదు" అని ఊరుకోండి.

గుణుపురం_వంటిల్లు

అక్కా, తిండి వంతు నాది.

సామాను సర్దేటప్పుడు మొట్టమొదట గసగసాలు తీసి పక్కన పెట్టేయండి. మన ఇళ్లలో ఒడియావాళ్ల పోస్తు అలవాటు కలిసి కిలో లెక్కన ఉంటాయి. చైనాలో అవి నల్లమందు మొక్క విత్తనాలు, వెంట ఉంచుకోవడమే నేరం కిందికి రావచ్చు. గరం మసాలా పొడిలో కలిపినా సరే వద్దు, ఇంట్లో కొట్టిన పొడి అయితే అందులో ఏం వేశారో గుర్తు చేసుకోండి. నెయ్యి, పాలపొడి లాంటి పాల సరుకు, పచ్చి కరివేపాకు, పళ్లు, కూరగాయలు, విత్తనాలు కస్టమ్స్‌లో పోతాయి. కర్పూరం, ఎండుకొబ్బరి విమానంవాళ్లే ఒప్పుకోరు.

అక్కడ దొరికేవి: పెసలు ప్రతి కొట్లోనూ, పొట్టు తీసిన పెసరపప్పు ఆన్‌లైన్‌లో. జీలకర్ర 'త్స్ ఱాన్' అంటే ఎవరైనా ఇస్తారు, కొత్తిమీర సరేసరి. చింతపండు యున్నాన్ ప్రావిన్సులో పండుతుంది, 'స్వాన్ చ్యావ్' అని వెతకండి, కాస్త తీపిరకం కాబట్టి చారుకు మన కొలత కంటే ఎక్కువ వేయాలి. కందిపప్పు, మినప్పప్పు, ఇంగువ మాత్రం మొదటి మూడు నెలలకు సరిపడా తీసుకెళ్లడమే. కరెంటు 220 వోల్టులే, మన మిక్సీ నడుస్తుంది కానీ మన గుండ్రటి మూడు పుల్లల ప్లగ్గు దూరదు. అక్కడివి చదును పుల్లలు. మిక్సీ ఎంత వాట్లో చూసి, ఆ బరువు మోసే అడాప్టరే కొనండి. ఫోను ఛార్జరు అడాప్టరుకు మిక్సీ తగిలిస్తే కాలిపోతుంది.

బయట తినడం గురించి శ్రద్ధగా వినండి. 'వో ఛి సు' అంటే "నేను శాకాహారిని". అది చెబితే ముక్కలు వేయరు, అంతవరకే. మూకుడులో పడేది పంది కొవ్వు కావచ్చు, కూరలో ఆల్చిప్పల సాస్, కోడి సారం పొడి కూడా పడతాయి. వాళ్ల దృష్టిలో అవి మాంసం కావు, రుచి కోసం వేసేవి. అందుకని నాలుగూ విడివిడిగా చెప్పాలి: మాంసం వద్దు, 'చూ యోవ్' (పంది కొవ్వు) వద్దు, 'హావ్ యోవ్' (ఆల్చిప్పల సాస్) వద్దు, 'చీ చింగ్' (కోడి సారం పొడి) వద్దు. ఇవి చైనా లిపిలో రాయించి ఫోనులో ఫొటోగా పెట్టుకోండి, నోటితో చెబితే స్వరం తప్పుతుంది. చూడ్డానికి శాకాహారంలా ఉండి మోసం చేసేవి మూడు: మాపో టోఫూలో మాంసం తురుము ఉంటుంది, వేయించిన చిక్కుళ్లలో పంది తురుము, చేత్తో చించిన క్యాబేజీలో పంది ముక్కలు. ధైర్యంగా అడగగలిగేవి బంగాళాదుంప సన్నతరుగు వేపుడు, వంకాయ, బంగాళాదుంప, పచ్చి క్యాప్సికం కలిపి చేసే 'తీ సాన్ శియెన్'. మీవారికి టమాటా గుడ్డు వేపుడు ఎక్కడైనా దొరుకుతుంది. లాన్‌జౌ నూడుల్స్ కొట్లు ముస్లిములవి, పంది ఉండదు కానీ పులుసు ఎద్దు ఎముకలది. పూర్తి నమ్మకంగా తినాలంటే బౌద్ధ ఆలయాల పక్కన ఉండే శాకాహారశాలలు. సంప్రదాయంగా నడిచేవాటిలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, కార్తీక మాసానికి సరిగ్గా సరిపోతాయి.

పిలిచి భోజనం పెడితే గుండ్రటి బల్ల, నడుమ తిరిగే పళ్లెం. తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీ పెద్దలది, ఎక్కడ కూర్చోవాలో వాళ్లు చూపించేదాకా నిలబడండి. గ్వాంగ్‌డోంగ్‌లో కూర్చోగానే వేడి టీ కూజా వస్తుంది. తొందరపడి తాగకండి. మొదటి టీ గిన్నెలు కడగడానికి. చిన్న కప్పు, చెంచా, పుల్లలు గిన్నెలో నిలిపి, మీద టీ పోసి తిప్పి, ఆ నీళ్లు బల్ల మీద పెట్టిన పెద్ద పాత్రలో ఒంపేస్తారు. రెండోసారి పోసిందే తాగేది. ఎవరైనా మీ కప్పులో పోస్తే చూపుడు వేలూ నడిమి వేలూ మడిచి బల్ల మీద రెండుసార్లు తట్టాలి, అదే ధన్యవాదం, మాట అక్కర్లేదు. కూజా మూత ఓరగా తెరిచి పెడితే మళ్లీ నీళ్లు పోయమని. అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చొద్దు, అది చనిపోయినవాళ్లకు అగరొత్తులు పెట్టినట్టు. మనం పిండం జ్ఞాపకం వచ్చే పని విస్తట్లో చేస్తామా, అలాంటిదే.

మందు తాగనివాళ్లు మొదటి గ్లాసు పోయకముందే చెప్పాలి. ఒకసారి తాగి రెండోసారి కాదంటే ఎదుటివాళ్లను తక్కువ చేసినట్టు. 'యీ ఛా తాయ్ చ్యూ', "మందుకు బదులు టీ" అని కప్పు ఎత్తండి, గౌరవంగానే తీసుకుంటారు. పెద్దవాళ్లతో కప్పు తాకించేటప్పుడు మీ అంచు వాళ్ల అంచు కంటే కిందుగా ఉండాలి. బిల్లు పిలిచినవాళ్లే కడతారు, పంచుకుందామనకండి. తర్వాత మీరు పిలవండి.

చదివింపుల దగ్గర మనవాళ్లు కచ్చితంగా పొరపడతారు. ఇక్కడ ఒడియా పెళ్లిళ్లకు 101, 501 ఇవ్వడం మనకూ అలవాటైపోయింది, పైన ఒక్క రూపాయి శుభం. చైనాలో పెళ్లికి సరి సంఖ్య ఇవ్వాలి. బేసి సంఖ్య, పైన ఒకటి కలిపింది, చాలా ప్రాంతాల్లో చావు ఇంటికి ఇచ్చే లెక్క. మన 116, 516 సరి సంఖ్యలే అయినా అక్కడ గుండు అంకెలు వాడతారు, 600, 800 లాగా. 4 ఉండకూడదు, 250 ఇవ్వకూడదు, ఆ అంకె అంటే మందబుద్ధి అని తిట్టు. కవరు ఎరుపే, తెల్లది చావుకే. కానుకగా గడియారం, గొడుగు వద్దు. బరంపురం పట్టు బాగా మెచ్చుకుంటారు, చిన్న స్టోల్ అయితే బరువూ ఉండదు. రెండు చేతులతో ఇవ్వండి, మీ ఎదుట విప్పకపోతే నచ్చలేదని కాదు.

పెళ్లయినవాళ్లు కాబట్టి మీకు ఇంకో బాధ్యత ఉంది. వసంత పండగకు గ్వాంగ్‌డోంగ్‌లో పెళ్లయినవాళ్లు పెళ్లికానివాళ్లకు, కాపలా మనిషికి, ఊడ్చే ఆయికి చిన్న ఎర్ర కవర్లు ఇవ్వాలి, 'లై సీ' అంటారు. మొత్తం పెద్దది కాదు, 5, 10, 20 యువాన్లు. కొత్త నోట్లు కావాలి. పండగ వారంలో బ్యాంకులో కొత్త నోట్లు దొరకవు, నెల ముందే తెచ్చుకుని ఓ ముప్పై కవర్లు సిద్ధంగా పెట్టుకోండి.

రాయగడ_రైల్వేకాలనీ

ఫోను, డబ్బు మిగిలిపోయాయి, క్లుప్తంగా రాస్తాను.

వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ అక్కడి వైఫైలోనూ అక్కడి సిమ్‌లోనూ రావు. వీచాట్ మన దేశంలో 2020 జూన్ 29 నుంచి నిషేధం. అంటే అక్కడివారి దారి ఇక్కడ మూత, ఇక్కడివారి దారి అక్కడ మూత. మీ భారతీయ సిమ్‌ను రోమింగ్‌తో తీసుకెళ్తే దాని డేటా మన నెట్‌వర్కు గుండా తిరిగి వస్తుంది, వాట్సాప్ పనిచేస్తుంది. ఖర్చు ఎక్కువ కాబట్టి అమ్మానాన్నలతో రోజూ మాట్లాడాలంటే ఇద్దరివైపూ ఐఫోను ఉంటే ఫేస్‌టైమ్ తేలిక. అనుమతి లేని వీపీఎన్ వాడకం చట్టవిరుద్ధం, అది తెలిసి నిర్ణయించుకోండి. బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్ ఇక్కడ డబ్బాలో పడేసి వెళ్లొద్దు, రీఛార్జి ఆగకుండా చూడమని ఇంట్లో ఎవరికైనా అప్పజెప్పండి.

దిగాక వరుస ఇది: సిమ్, వీచాట్, రెసిడెన్స్ పర్మిట్, బ్యాంకు ఖాతా, ఆ ఖాతాను వీచాట్‌కూ, అక్కడి చెల్లింపుల యాప్ అలీపేకూ కలపడం. వీచాట్ కొత్త ఖాతాకు పాత వాడకందారు ఎవరైనా క్యూఆర్ స్కాన్ చేసి పూచీ పడాల్సి వస్తుంది, కంపెనీ మనిషిని అడగండి. యూపీఐ, రూపే నడవవు. బ్యాంకు ఖాతా వచ్చేదాకా వీసా లేదా మాస్టర్ కార్డు అలీపేకు తగిలించుకోవచ్చు. ఒక్కో చెల్లింపు 200 యువాన్లు దాటితే 3 శాతం రుసుము పడుతుంది. కార్డులో విదేశీ లావాదేవీలు ఇక్కడ ఉన్నప్పుడే ఆన్ చేసుకోండి. వెయ్యి యువాన్ల నగదు కూడా దగ్గర ఉంచుకోండి.

పేరు సంగతి మళ్లీ ఇక్కడ వస్తుంది. సిమ్, బ్యాంకు, వీచాట్ మూడింట్లోనూ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. ఒక చోట ఇంటిపేరు ముందు, ఇంకో చోట వెనక ఉన్నా, మధ్య ఖాళీ తేడా ఉన్నా కలవదు. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలు ఉంటాయి చూడండి, అందులో ఇంటిపేరు, పేరు ఏది ముందు ఏది వెనక ఉందో అదే క్రమంలో రాయమని సిమ్ కొట్టు దగ్గరే పట్టుబట్టండి.

జీతంలోంచి ఉద్యోగి వాటాగా పింఛనుకు 8 శాతం, వైద్యానికి 2 శాతం పోతుంది. మన రెండు దేశాల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం లేదు, కాబట్టి మినహాయింపు ఉండదు. కానీ పూర్తిగా వచ్చేసేటప్పుడు పింఛను సొంత ఖాతాలో చేరింది వెనక్కి తీసుకోవచ్చు. ఆ దరఖాస్తు విమానం ఎక్కే వారంలో కాదు, రెండు నెలల ముందే మొదలుపెట్టాలి. ఇంటికి డబ్బు పంపాలంటే కాంట్రాక్టు, పన్ను కట్టిన రసీదు చూపించి బ్యాంకు ద్వారానే. "నువ్వు నాకు యువాన్ ఇవ్వు, మా అన్న మీ ఇంట్లో రూపాయలు ఇస్తాడు" అనే సర్దుబాట్లలో దిగితే ఖాతా స్తంభించిపోతుంది, అది తెరిపించడం నెలల పని.

పర్లాకిమిడి_కోడలు

ఇంత వివరంగా చెబుతారనుకోలేదు, అందరికీ పేరుపేరునా దండాలు. ఇంట్లో రాసి గోడకు అంటించేశాం. ఆఖరి ప్రశ్న: నేను ఇక్కడ పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్లు చెబుతాను. అక్కడ అపార్టుమెంటులో నలుగురు పిల్లలకు చెప్పుకోవచ్చా? ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రి ఎలా?

మహేంద్రతనయ_ఒడ్డు

వద్దమ్మా. ఎస్1 మీద డబ్బు పుచ్చుకునే ఏ పనీ చేయకూడదు. ఇంట్లో ట్యూషను కూడా పని కిందే వస్తుంది, జరిమానా నేను పైన రాసిందే. పక్కింటివాళ్లు అడుగుతారు, చాలా అడుగుతారు, ఎక్కువ డబ్బు ఇస్తామంటారు. "నా వీసాకు వీల్లేదు" అనండి, వీసా మాట ఎత్తితే ఎవరూ నొచ్చుకోరు. ఇండియాలోని పిల్లలకు ఆన్‌లైన్లో చెప్పడం కూడా వెళ్లే ముందు వీసా విషయాలు తెలిసిన వకీలును అడిగి తేల్చుకోండి. నిజంగా అక్కడ పని చేయాలంటే మీ పేరు మీద వేరే వర్క్ పర్మిట్ కావాలి.

ఆసుపత్రికి పాస్‌పోర్టు పట్టుకుని వెళ్లాలి. ముందు 'క్వా హావ్' అనే నమోదు చీటీ, ఏ విభాగమో మీరే చెప్పాలి. డాక్టరు చూశాక ప్రతి పరీక్షకూ ముందు డబ్బు కట్టి రసీదు చూపిస్తేనే చేస్తారు. రిపోర్టులు మీరే తీసుకుని డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్లాలి, అవన్నీ ఒక ఫైలులో దాచుకోండి. 'సాన్ చ్యా' అని బోర్డు ఉంటే అది పెద్ద తరగతి ఆసుపత్రి. అంబులెన్సు 120, పోలీసు 110, అగ్నిమాపకం 119. రోజూ వేసుకునే మందులుంటే డాక్టరు చీటీ ఇంగ్లీషులో రాయించుకుని, మందులు వాటి డబ్బాల్లోనే ఉంచి తీసుకెళ్లండి. మరుగుదొడ్లలో కాగితం ఉండకపోవచ్చు, చెంబు అసలే ఉండదు. సంచిలో ఎప్పుడూ టిష్యూ పొట్లం, చిన్న నీళ్ల సీసా ఉంచుకోండి.

అఫిడవిట్లు అయ్యాక మీ కాగితాల వరుస ఇక్కడ రాయండి, పేర్లు నంబర్లు చెరిపేసి. ఎక్కడైనా మెట్టు తప్పితే కోల్‌కతా బండి ఎక్కకముందే చెబుతాం.